ఊపిరి పీల్చే గోడ

పోయిన వారం మార్నీని వంటింటి గుమ్మంలో, చేతిలో బంగాళాదుంపల సలాడ్ గిన్నెతో, నిలబెట్టి వదిలేశాం. ఆ గిన్నె ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది. గుమ్మానికి అవతల ఆమె భర్త గ్రేడీకి అన్న అయిన లోవెల్, తన భార్య రోండాతో గొంతు తగ్గించి అన్న మాట చెవుల్లో గింగురుమంటోంది.

"భోజనాలు కానీ, అందరి ముందూ చెప్పేస్తాను. అమ్మ ఇంక ఇక్కడ ఉండదు."

మూతబడ్డ బడిని కొనుక్కుని, దాన్ని ఇల్లు చేసుకుని మార్నీ, గ్రేడీ ఈ కెంటకీ పల్లెకి వచ్చింది ఈ వేసవిలోనే. ఎర్ర ఇటుకల కట్టడం. నడుమ బురుజులాంటి పొగగొట్టం. బడి గదుల్ని వెచ్చబెట్టే బొగ్గు బాయిలర్ ఉన్న రోజుల్లో కట్టింది. బాయిలర్‌ని ఎప్పుడో పాత ఇనుము కింద అమ్మేశారు, గొట్టం మాత్రం మిగిలింది. దాని నెత్తిన ఉండే రేకు మూత వసంతంలో వచ్చిన గాలివానకి ఎగిరి పక్క పొలంలో పడింది. గ్రేడీ లారీ నడుపుతాడు. ఇంట్లో ఉండేదే శని ఆదివారాలు, ఆ మూత సంగతి రేపు చూద్దాం ఎల్లుండి చూద్దాం అంటూ వచ్చాడు.

అతని తల్లి వెర్నా తన ఇల్లు అమ్మేసి, పిల్లిని చంకన పెట్టుకుని వాళ్ళ దగ్గరికి వచ్చింది. ఒకప్పటి హెడ్మాస్టరు గది ఆవిడకిచ్చారు. వచ్చిన కొన్నాళ్ళకే ఆవిడ మొదలుపెట్టింది. సాయంత్రమైతే తన గది గోడ ఊపిరి పీలుస్తోందట. పెద్ద ఆవు పడుకుని పీల్చినట్టు పీలుస్తోందట. మార్నీకి పక్క ఊళ్ళో మందుల షాపులో సాయంత్రం డ్యూటీ, ఆమె ఇల్లు చేరేసరికి గోడ గోడలాగే ఉంటుంది. పోయిన ఆదివారం పనిగట్టుకుని చీకటిపడే వేళ గోడకి చెవి ఆన్చి కూర్చుంది. ఆ రోజు మధ్యాహ్నం నుంచీ ఒకటే వాన. ఇంటి చూరు మీద నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

అక్కడ ఆగాం. ఇప్పుడు సెప్టెంబరు మొదటి సోమవారం, లేబర్ డే సెలవు, చుట్టాలందరూ కొత్త ఇల్లు చూడ్డానికి వచ్చారు.

"ఆ గిన్నెని ఏమైనా పెంచుకుంటున్నావా తల్లీ? కిందపెట్టు, జనం ఆకలితో ఉన్నారు," అంటూ వెర్నా చెల్లెలు ఓడెల్లా వచ్చి సలాడ్ లాక్కుపోయింది. ఓడెల్లా మనిషి చిన్నది, గొంతు పెద్దది. చర్చిలో పాటల బృందాన్ని నడిపించిన గొంతు. ఆవిడ వెనకాలే మార్నీ పెరట్లోకి నడిచింది.

పెరట్లో పొడుగాటి బల్లలు వేసి ఉన్నాయి. వేయించిన కోడి, మొక్కజొన్న పుడ్డింగ్, పంది మాంసం ముక్కలేసి ఉడికించిన బీన్స్, జాడీల నిండా చల్లటి తీపి టీ. చుట్టాల పిల్లలు ఒకప్పటి ఆటస్థలంలో అరుస్తూ పరిగెడుతున్నారు. గోడ నీడలో కుర్చీ వేసుకుని వెర్నా కూర్చుంది, ఒళ్ళో తెల్లపిల్లి డచెస్. కాళ్ళ దగ్గర మార్నీ వాళ్ళ ముసలి వేటకుక్క గ్రేవీ. ఆ పిల్లికీ ఈ కుక్కకీ మొదటి వారమంతా యుద్ధం. ఇప్పుడు పిల్లి తోక కుక్క మూతి మీద పడినా అది కళ్ళు తెరవదు.

"మిస్ వెర్నా, కోడి కాలు తెమ్మంటారా, రొమ్ము ముక్కా?" అనడిగింది మార్నీ.

పెళ్ళికి ముందు గ్రేడీ మొదటిసారి ఇంటికి తీసుకెళ్ళినప్పుడు పెద్దావిడని ఎలా పిలవాలో తెలియక 'మిస్ వెర్నా' అంది. అదే ఉండిపోయింది. అదే దూరం కూడా ఉండిపోయింది ఇన్నేళ్ళూ. ఈ నెల రోజుల్లోనే, వంటింటి మెట్ల మీద ఇద్దరూ కూర్చుని బీన్స్ వలుస్తూ వలుస్తూ, ఆ పిలుపులో ఏదో మెత్తబడింది. మార్నీ పుట్టిందీ పెరిగిందీ లారీకి కట్టి లాక్కెళ్ళే చక్రాల అద్దె ఇళ్ళలో. తల్లి ఒక ఊళ్ళో సామాను విప్పేలోపే ఇంకో ఊరికి మూట కట్టేది. తనకంటూ ఒక గోడ ఉండటం, ఆ గోడ పక్కన ఒక పెద్దావిడ కూర్చుని బీన్స్ వలవడం ఆమెకి కొత్త. ఇంత ఇష్టంగా ఉంటుందని తనే అనుకోలేదు.

"కాలే తే అమ్మాయ్. రొమ్ము ముక్క లోవెల్‌కి పెట్టు. చిన్నప్పట్నుంచీ వాడికి ముళ్ళూ ఎముకలూ లేని వ్యవహారాలే ఇష్టం," అంది వెర్నా.

లోవెల్ నవ్వలేదు. ఇన్సూరెన్స్ ఏజెంటు. ఇస్త్రీ చొక్కా, తుడిచిన బూట్లు. తండ్రి ఆర్లిస్ పోయిన చలికాలంలో చనిపోయాక అన్ని బాధ్యతలూ నెత్తినేసుకున్న మనిషి. చెడ్డవాడని మార్నీ ఎప్పుడూ అనుకోలేదు. అందుకే భయం వేసింది. చెడ్డవాడైతే పోట్లాడొచ్చు.

రోండా తెచ్చిన నిమ్మకాయ 'పై' రొట్టెని కోస్తుండగా లోవెల్ లేచి నిలబడ్డాడు. పొద్దు చెట్ల మీదకి వాలింది.

"అందరూ ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. అమ్మకి లెక్సింగ్టన్‌లో మా ఇంటికి దగ్గర్లో మంచి చోటు చూశాం. వృద్ధుల్ని చూసుకునే చోటు. తోట ఉంది, నర్సులున్నారు. వచ్చే వారం గది ఖాళీ అవుతుంది."

గ్రేడీ నోట్లో 'పై' ముక్క అలాగే ఉండిపోయింది.

"ఎవరికి?" అంది వెర్నా.

"నీకేనమ్మా."

"నాకు గది ఉంది."

"అమ్మా, ఆ గది గురించే. నువ్వు ఈ వారంలో నాకు ఎన్నిసార్లు ఫోన్ చేశావో గుర్తుందా? గోడ ఊపిరి పీలుస్తోందని. ఒకసారి ఉరిమిందని. ఒకసారి లోపల ఎవరో దుప్పట్లు దులుపుతున్నారని. నేను మధ్యాహ్నం వెళ్ళి చెవి పెట్టి విన్నాను. అది గోడమ్మా. ఉత్త గోడ."

"అది పీల్చేది మధ్యాహ్నం కాదు."

"అదేనమ్మా నేననేది," అన్నాడు లోవెల్. కోపంగా కాదు. అలసిపోయినట్టు అన్నాడు.

"ఒరేయ్, మీ అమ్మ నాకంటే పెద్దదే కానీ, బుర్ర నాకంటే చిన్నదేం కాదు," ఓడెల్లా అందుకుంది. "గోడల్లో ఎలకలుండవూ?"

"ఎలకలు ఉరుముతాయా పిన్నీ?"

వెర్నా పిల్లి వీపు నిమురుతోంది. చెయ్యి ఆగకుండా కదులుతోంది కానీ పెదవులు బిగుసుకున్నాయి. "డచెస్‌ని రానిస్తారా అక్కడ?"

లోవెల్ భార్య వైపు చూశాడు. రోండా కత్తి వైపు చూసింది. "జంతువులకి వీల్లేదన్నారు. మేం పెంచుతాంలే అత్తయ్యా. మా అమ్మాయి ఎంతో మోజు పడుతోంది," అంది మెల్లగా.

"అన్నయ్యా, ఇది మనం ఇద్దరం కూర్చుని మాట్లాడుకోవాల్సింది కదా," అన్నాడు గ్రేడీ.

"ఎప్పుడు కూర్చోను? నువ్వు వారమంతా రోడ్డు మీదే ఉంటావు. సాయంత్రాలు మార్నీ ఉండదు. చీకటిపడే వేళ ఇంత పెద్ద కొంపలో అమ్మ ఒక్కతే కూర్చుని గోడతో మాట్లాడుతుంటే, అక్కడ ఫోన్ పట్టుకుని వినేది నేను. మార్నీ, నిన్నే అడుగుతున్నాను. ఇంట్లో ఉండేదానివి. నువ్వు విన్నావా ఆ చప్పుడు? ఒక్కసారైనా?"

అందరి కళ్ళూ మార్నీ మీద పడ్డాయి. వెర్నా కళ్ళు కూడా. ఒక్క అబద్ధం చాలు. విన్నాను అంటే ఇవాళ్టికి గండం గడుస్తుంది. ఆమె నోరు తెరిచింది. కానీ పెద్దావిడ అలా సూటిగా చూస్తుంటే, జాలితో చెప్పే అబద్ధం ఆవిడకి తెలిసిపోతుందనిపించింది. అది లెక్సింగ్టన్ కంటే పెద్ద అవమానం.

"లేదు. నేను వినలేదు," అంది.

వెర్నా తల దించుకుని పిల్లి చెవుల మధ్య ఏదో వెతికింది.

"కానీ గ్రేవీ విన్నాడు," అంది మార్నీ. మాట బయటికొచ్చాక ఆగలేకపోయింది. "నవ్వకండి. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి రోజూ ఆ గదిలో, ఆ గోడకే ముక్కు ఆన్చి పడుకుని ఉంటాడు. సొంత పరుపు వదిలేసి, ఉత్త నేల మీద. ఈ ముసలాడు గిన్నెలో అన్నం పెట్టినా లేవడు. ఊరికే వెళ్ళి అక్కడ పడుకుంటాడా?"

"అంటే కుక్క సాక్ష్యం చెప్తుందంటావు," అన్నాడు లోవెల్.

ఎవరో కిసుక్కున నవ్వారు. మార్నీ ముఖం మండిపోయింది. కానీ వెర్నా తల ఎత్తింది. "ఈ బల్ల దగ్గర నన్ను నమ్మినవాడు వాడొక్కడే. వాడికో కోడి ముక్క వేయండి," అంది.

ఓడెల్లా ముక్క తీసి కిందికి వంగింది. గ్రేవీ అక్కడ లేదు.

పెరటి నడిమికి వెళ్ళి, ముందు కాళ్ళు ఎడంగా పెట్టి, ముసలి మెడ ఎంత లేస్తే అంతా పైకెత్తి నిలబడి ఉంది కుక్క. మొరగడం లేదు. తోక కూడా ఆడించడం లేదు. డచెస్ వెర్నా ఒళ్ళోంచి జారి, వెళ్ళి దాని పక్కన చేరింది. అదీ పైకే చూస్తోంది.

మార్నీ తలెత్తింది.

మొదట ఆమెకి కనిపించింది గుప్పెడు నల్లటి చుక్కలు. పొగగొట్టానికి చాలా ఎత్తున, అస్తమించిన సూర్యుడి వెలుగు ఇంకా తగులుతున్న చోట, గుండ్రంగా తిరుగుతున్నాయి. గబ్బిలాలేమో అనుకుంది. ఇంకో గుప్పెడు నది వైపు నుంచి వచ్చింది. ఇంకో గుప్పెడు మొక్కజొన్న చేల మీదుగా. ఎవరు పిలిచారో, ఎలా తెలిసిందో, నాలుగు దిక్కుల నుంచీ వస్తూనే ఉన్నాయి. మామూలు పిట్టల్లాంటి తోకలు లేవు వాటికి. రెక్కలు మొలిచిన పొగాకు చుట్టల్లా ఉన్నాయి. కీచు కీచుమనే సన్నటి అరుపులు వందలై, ఒకదాన్ని ఒకటి తరుముకుని, కాసేపటికి వేరు వేరుగా వినపడటం మానేసి ఒకే నాదమైపోయాయి.

"దేవుడా," అన్నాడు గ్రేడీ. నోట్లో ముక్క ఎప్పుడు మింగాడో అతనికే తెలియదు.

పిల్లలు ఆట ఆపేశారు. రోండా చేతిలో కత్తి అలాగే ఉంది. ఇంటి నెత్తిన ఆకాశం కవ్వం పెట్టి చిలికినట్టు తిరగడం మొదలుపెట్టింది. ఎంత పెద్ద చక్రమంటే, ఒక అంచు రోడ్డవతల చర్చి శిఖరం మీదుగా పోతుంటే రెండో అంచు వీళ్ళ తలల మీదుగా వస్తోంది. అది తమ మీదుగా వచ్చిన ప్రతిసారీ రెక్కల గాలి తగులుతున్నట్టు మార్నీ మెడ మీద వెంట్రుకలు లేచాయి. ఆ వేగంలో ఒక్క పిట్టకి ఇంకో పిట్ట తగల్లేదు.

"చిమ్నీ పిట్టలు!" ఓడెల్లా కేకేసింది. "వెర్నా, చిమ్నీ పిట్టలే! మన చిన్నప్పుడు పిండిమిల్లు గొట్టంలో దిగేవి, గుర్తుందా? మిల్లు కూల్చాక మళ్ళీ ఒక్కటి చూళ్ళేదు నేను. వీటికి కొమ్మ మీద వాలడం రాదు. పగలంతా గాల్లోనే. రాత్రికి గోడ పట్టుకుని వేలాడాలి. చలి రాకముందే దక్షిణాదికి పోతాయి, సముద్రం దాటి."

చక్రం బిగుసుకుంది. ఒక పిట్ట గొట్టం మీదికొచ్చి, రెక్కలు పైకెత్తి, రాయి పడ్డట్టు లోపలికి పడిపోయింది. ఇంకోటి. మరో పది. తర్వాత లెక్క అన్న మాటకి అర్థం లేదు. చక్రం కింది కొస సన్నబడి, గరాటులా సాగి, ఆ ఇటుకల నోట్లోకి దిగడం మొదలుపెట్టింది. ఊరంతా వదిలిన పొగ తిరిగి ఇంటికొస్తున్నట్టుంది. వందల పిట్టలు, ఆపైన వేలు. ఎంత దిగినా పైన తరగడం లేదు.

మార్నీ బెంచీ మీద కూర్చుండిపోయింది. ఈ ఇల్లు నాది, ఇక్కడ ఉండేది మేమే అనుకుంది ఇన్నాళ్ళూ. తను మందుల డబ్బాలు సర్దుతూ షాపులో నిలబడ్డ ప్రతి సాయంత్రం ఇంత ఆకాశం వచ్చి తన ఇంట్లో తలదాచుకుంటోంది. ఒక పాత బడి గొట్టాన్ని నమ్ముకుని ఇన్ని ప్రాణాలు వస్తున్నాయి. ఏడుపొచ్చింది. ఎందుకో చెప్పమంటే చెప్పలేదు.

చివరికి ఒకే ఒక్క పిట్ట మిగిలింది. రెండు మూడుసార్లు గొట్టం మీదికొచ్చి, భయపడ్డట్టు తప్పుకుంది.

"పోవే, పోవే పిచ్చిదానా," అని ఓడెల్లా గొణిగింది.

పిట్ట దిగింది. ఆకాశం ఖాళీ అయింది.

వెర్నా చేతికర్ర ఊతంతో లేచింది. ఎవరి వైపూ చూడకుండా ఇంట్లోకి నడిచింది. కుక్క ఆవిడ వెనక, పిల్లి కుక్క వెనక. మార్నీ వాటి వెనక పరిగెత్తింది.

గదిలో దీపం వేయలేదు. మంచం పక్కన గోడ వెనకాలే పొగగొట్టం; ఆ గోడకి గ్రేడీ సున్నం గీకేసి ఇటుకలు బయటపెట్టి ఉంచాడు. వెర్నా మార్నీ చెయ్యి అందుకుని ఆ ఇటుకల మీద పెట్టింది. "ఇప్పుడు విను," అంది.

ముందు అరచేతికి తెలిసింది. సన్నటి వణుకు, పిల్లి గుర్రుమన్నప్పుడు దాని వీపు వణికినట్టు. తర్వాత చెవి ఆన్చితే వినపడింది. దూరపు ఉరుము. దుప్పట్లు దులుపుతున్న చప్పుడు. వేల రెక్కలు సర్దుకుంటున్నాయి, ఒకదాని పక్కకి ఒకటి ఒదుగుతున్నాయి. చప్పుడు పెరిగి, తగ్గి, మళ్ళీ పెరుగుతోంది. పెద్ద ఆవు పడుకుని ఊపిరి పీలుస్తున్నట్టే ఉంది. పెద్దావిడ చెప్పింది చెప్పినట్టే ఉంది.

"పోయినసారి వాన కదా, మధ్యాహ్నమే వచ్చి సర్దుకుని ఉంటాయి. నేను కూర్చునేసరికి నిద్రపోయాయి," అంది మార్నీ. చెంపలు తడిసిపోయాయి. "నన్ను క్షమించండి మిస్ వెర్నా. నేను విన్నానని చెప్పలేకపోయాను."

"చెప్పి ఉంటే నీతో మాట్లాడేదాన్ని కాదు," అంది వెర్నా.

ఒక్కొక్కళ్ళే గదిలోకి వచ్చారు. ఓడెల్లా, గ్రేడీ, రోండా, పిల్లలు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు గోడ మీద చేతులు పెట్టారు. ఒకరి చేతుల మధ్య ఒకరివి, పొట్టివీ పొడుగువీ. చర్చిలో కూడా ఈ పిల్లలు ఇంత బుద్ధిగా నిలబడగా మార్నీ చూడలేదు.

ఆఖరున లోవెల్ వచ్చాడు. చెవి ఆన్చాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. అతను వెనక్కి తిరిగేసరికి ఇస్త్రీ చొక్కా మీద ఇటుక పొడి, ముఖం గుర్తుపట్టలేనట్టుంది. "నాదే తప్పు," అన్నాడు అందరూ వినేలా. "అమ్మ బుర్రకి ఏమీ కాలేదు. నేనే వినిపించుకోలేదు. లెక్సింగ్టన్ మాట ఇంక ఎవరూ ఎత్తొద్దు."

ఓడెల్లా చప్పట్లు కొట్టబోయి, పిట్టలు గుర్తొచ్చి చేతులు వెనక్కి లాక్కుంది. గ్రేడీ పిల్లల్ని బయటికి తోలాడు, మిగిలిన 'పై' తినడానికి. గదిలో ముగ్గురే మిగిలారు. మంచం మీద వెర్నా, తలుపు దగ్గర మార్నీ, తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్న లోవెల్. పెద్దవాడు, తల నెరిసినవాడు, చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు.

వెర్నా అతని చెంప మీద చెయ్యి వేసి, బొటనవేలితో కన్నీళ్ళు తుడిచింది. ఎంతో ప్రేమగా, ఎప్పటిదో అలవాటులా తుడిచింది.

"ఛ, ఊరుకో ఆర్లిస్. పిల్లలు చూస్తే ఏమనుకుంటారు? లేచి ముఖం కడుక్కో. లోవెల్ ఇంకా బడి నుంచి రాలేదు, ఎదురెళ్ళి తీసుకురా."

లోవెల్ వెక్కిళ్ళు ఆగిపోయాయి.

గోడ వెనక రెక్కలు కదిలి సద్దుమణిగాయి. మార్నీ తలుపు చెక్కని పట్టుకుంది. ఆవిడ కట్టుకున్న ఆర్లిస్ పోయి ఆరు నెలలు దాటింది. ఆ పేరు పెట్టి పిలిచింది కొడుకుని. చూస్తున్నది ఎవరినో.

లోవెల్ తల్లి చేతిని చెంప మీద అలాగే ఉంచుకున్నాడు. ఎంతో మామూలుగా, "అలాగే వెర్నా. ఇప్పుడే వెళ్తాను," అన్నాడు.

"చలిగా ఉంటుంది. వాడి కోటు పట్టుకెళ్ళు," అంది ఆవిడ.

వరండాలోంచి గ్రేడీ నవ్వుతూ తల లోపలికి పెట్టాడు. వెనకాలే ఓడెల్లా, ఆవిడ వెనక సగం చుట్టాలు. "ఏం అన్నయ్యా, అయితే ఖాయమేనా? అమ్మ మా దగ్గరే. అందరి ముందూ ఇంకోసారి చెప్పు, పిన్ని సాక్ష్యం."

అందరూ లోవెల్ వైపు చూశారు. లోవెల్ మోకాళ్ళ మీంచి లేవకుండానే, తల్లి భుజం మీదుగా, మార్నీ వైపు చూశాడు.